బంద్ కోసం ఎదురుచూసినదాన్ని

రేపు బంద్ అని టీవీలో కింద అక్షరాలు పరుగెత్తడం మొదలుపెడితే మా సందులో అందరూ విసుక్కునేవాళ్ళు. పాలు ముందే తెచ్చుకోవాలి, కూరగాయలు ముందే తెచ్చుకోవాలి, బస్సులుండవు, ఆటోలుండవు. నేను మాత్రం మంచం కింద నుంచి చెప్పులు తీసి గుమ్మం పక్కన పెట్టుకునేదాన్ని. ఎల్బీనగర్‌లో బంద్ కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన మనిషి నేనొక్కదాన్నే అయ్యుంటాను. అదీ తెలంగాణ కోసం కాదు, ఆంధ్ర కోసం కాదు. నా కాళ్ళ కోసం, నా ఊపిరి కోసం.

అది జరిగి రెండేళ్ళు దాటింది. ఉద్యమం ఇంకా నడుస్తోంది, నేనూ నడుస్తున్నాను. ఈమధ్య మా షాపుకి వచ్చిన ఒకామె, జ్వరం తగ్గి నెలలైనా గడప దాటలేకపోతున్న తన చెల్లెలి గురించి చెప్పి కళ్ళు తుడుచుకుంది. చీర మడత పెడుతూ ఆమెకి నాలుగు ముక్కలు చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. అలాంటి చెల్లెళ్ళు ఇంకా ఉంటారు కదా.

మాది తెనాలి వైపు. పెళ్ళయ్యాక ఈయన వెంట వచ్చి ఎల్బీనగర్‌లో ఒక పోర్షన్‌లో అద్దెకి దిగాం. మోటార్లకు వైండింగ్ చేసే షాపులో ఈయన పని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్ నా పని. రోజంతా నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళతో మాట్లాడి, ఊరికే చూడ్డానికొచ్చాం అన్న మనిషి చేత రెండు చీరలు కొనిపించి పంపేదాన్ని. దీనికి నోరెక్కువ అని మా అత్తయ్య అంటుంది. నిజమే. ఆ నోరు కొన్నాళ్ళు పడిపోయింది.

వినాయక చవితి రోజులు

రెండువేల తొమ్మిది. ఆ ఏడు ఎక్కడ విన్నా స్వైన్ ఫ్లూ మాటే. షాపుకొచ్చేవాళ్ళు ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని చీరలు చూసేవాళ్ళు. బాలాపూర్ వినాయకుడి లడ్డూ ఈసారి వేలంలో ఎంతకి పోతుందోనని మా కౌంటర్ దగ్గర పందేలు వేసుకుంటున్న రోజున నాకు చలి పట్టుకుంది. సాయంత్రానికి దుప్పటి తగిలినా ఒళ్ళు నొప్పి. ఇంకో రెండు రోజులకి, మంచం దిగి నీళ్ళ కుండ దాకా వెళ్ళేసరికి ఊపిరి అందలేదు.

పరీక్ష చేసే ఆస్పత్రిలో పొడుగు బల్లల మీద కూర్చోబెట్టారు. మనిషికీ మనిషికీ మధ్య ఇద్దరు పట్టేంత ఖాళీ. ఎవరు దగ్గినా అందరి తలలూ అటు తిరిగేవి. నాకు దగ్గు తన్నుకొస్తోంది. ఆపుకుని ఆపుకుని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎదురు బల్ల మీద ఉన్న ముసలామె అది చూసి, కొంగు ముడి విప్పి, ఒక యాలక్కాయ తీసి నా ఒళ్ళోకి విసిరింది. "నోట్లేసుకో బిడ్డా, జర ఆగుతది" అంది. ఆవిడ ఎవరో తెలియదు. ఆ రోజు నన్ను చూసి మొహం తిప్పుకోని మనిషి ఆవిడొక్కతే.

ఆస్పత్రిలో ఉంచేశారు. ఈయన్ని లోపలికి రానివ్వలేదు. రోజూ పని ముగించుకుని వచ్చి గేటు బయట నిలబడి చెయ్యి ఊపేవాడు, నేను కిటికీలోంచి ఊపేదాన్ని. పక్క మంచం మీద నా ఈడు మనిషే ఉండేది. ఒకరోజు పొద్దున్న లేచేసరికి ఆ మంచానికి ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఏమైందని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అడిగి ఉండాల్సింది. బహుశా ఇంటికే వెళ్ళి ఉంటుంది. కానీ అడగకపోవడం వల్ల ఆ ఖాళీ మంచం నాతో పాటు మా ఇంటికి వచ్చేసింది.

దసరా, దీపావళి

నేను ఇంటికి వచ్చేసరికి మా అత్తయ్య ద్వారబంధానికి రెండు వైపులా వేపమండలు కట్టి ఉంచింది. మా వైపు ఇంట్లో పెద్ద జ్వరం వస్తే ఆవిడ చేసే మొదటి పని అదే. అయితే వేపమండ చూస్తే ఎవరైనా అనుకునేది ఒకటే, ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని.

మా ఇంటి ఓనరు యాదమ్మ. నల్గొండ దగ్గరి పల్లె నుంచి భర్తతో వచ్చి, ఇద్దరూ కష్టపడి ఈ ఇల్లు కట్టుకున్నారు. భర్త పోయాడు. మా పక్క పోర్షన్‌లోనే ఉంటుంది. వేపమండ చూసి గుమ్మం అవతలే ఆగిపోయింది.

"ఏంది పెద్దమ్మా, పద్మకు అమ్మవారు ఒచ్చిందా?"

మా అత్తయ్య అవుననలేదు, కాదనలేదు. "అంతా ఆ తల్లి దయమ్మా" అని ఊరుకుంది.

ఎందుకు ఊరుకుందంటే, వెనక సందులో స్వైన్ ఫ్లూ వచ్చిన కుర్రాడి కుటుంబాన్ని అప్పటికే ఇల్లు ఖాళీ చేయించారు. అమ్మవారంటే అలా కాదు. మనుషులు దూరంగా ఉంటారు కానీ దణ్ణం పెట్టి దూరంగా ఉంటారు. ఆ రోజు నుంచి యాదమ్మ రోజూ ఒక చెంబు నిండా చల్ల తెచ్చి మా గడప మీద పెట్టి పోయేది. ఖాళీ చెంబు నేను కడిగి ఇవ్వబోతే నా చేతిలోంచి అందుకునేది కాదు. "అక్కడ్నే పెట్టు, నేను తీస్త" అనేది.

జ్వరం పోయింది. దగ్గు పోయింది. ఊపిరి మాత్రం నాది కాకుండా పోయింది. గమనించకపోతే ఆగిపోతుందేమోనని ప్రతి ఊపిరీ నేనే తీసి, నేనే వదిలేదాన్ని. వీధిలో ఎవరైనా దగ్గితే గుండె దడదడలాడి చేతులు చల్లబడేవి. షాపుకి వెళ్దామని ఒకరోజు తయారై బస్టాపు దాకా వెళ్ళాను. బస్సు తలుపులో వేలాడుతున్న జనాన్ని చూసి, ఎక్కకుండానే తిరిగొచ్చి మంచమెక్కాను.

మా అత్తయ్య ప్రేమ కూడా నన్ను మంచానికే కట్టేసింది. గ్లాసెత్తితే, "వద్దమ్మాయ్, నీరసం, నేనిస్తా." గుమ్మంలో నిలబడితే, "చల్లగాలి, లోపలికి రా." ఆవిడని తప్పు పట్టను. చావు అంచుల దాకా వెళ్ళొచ్చిన కోడల్ని కాళ్ళు కింద పెట్టనివ్వకూడదనుకుంది. ఆ కాళ్ళు పుల్లల్లా అయ్యాయి. బతుకమ్మ ఆడే రోజుల్లో సందులో ఆడవాళ్ళంతా చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతుంటే కిటికీలోంచి చూశాను. అంతసేపు వంగి లేచి ఎలా తిరుగుతున్నారో, వీళ్ళకి ఊపిరి ఎలా అందుతోందో అనుకున్నాను. పాట వినబడలేదు. వాళ్ళ ఊపిరే వినబడింది.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూశాడు. "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా. ఇప్పుడున్నది భయం. అదీ జబ్బే, కాదనను. మందు రాస్తాను, కానీ సగం మందు మీ కాళ్ళల్లో ఉంది. రోజూ నడవండి" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నడవగలిగితే ఇక్కడికెందుకొస్తాను?

ఇంట్లో మాటలు పెరిగాయి. ఈయన మంచివాడే కానీ మోటారు బుర్ర. కాలిన తీగ మార్చాక మోటారు తిరగాలి కదా అంటాడు. "అందరికీ తగ్గింది, నీకెందుకు తగ్గదు పద్మా?" అన్నాడొకరోజు. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఆయనా తినలేదు. అదే వారం షాపు నుంచి ఫోను. మాఘమాసం పెళ్ళిళ్ళ సీజను మొదలయ్యేనాటికి వస్తే నా చోటు నాదే, లేకపోతే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటారట. ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. పోయేది ఉద్యోగం ఒక్కటే కాదని నాకు తెలుసు. ఆ కౌంటరు వెనక నిలబడే పద్మ ఇంక ఉండదు. ఉండేది ఈ మంచం మీది మనిషే.

బంద్‌ల కాలం

చలికాలంలో ఉద్యమం ఒక్కసారిగా భగ్గుమంది. తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ఒక మాట వచ్చింది, వెనక్కి పోయింది. ఇక వరసగా బంద్‌లు. తెనాలి నుంచి ఫోన్లు, అక్కడ గొడవలట కదా, వచ్చెయ్యండి అని. మా అత్తయ్యకీ భయమే. ఒకరోజు పంపు దగ్గర యాదమ్మని అడిగేసింది.

"మీ తెలంగాణ వచ్చేస్తే మమ్మల్ని ఉండనిస్తావా యాదమ్మా?"

"కిరాయి కడ్తె ఎందుకుండనియ్య పెద్దమ్మా? కట్టకుంటె తెలంగాణ రాకున్నా ఎల్లగొడ్త."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు మధ్యలో యాదమ్మ గుమ్మంలో ఉన్న నన్ను చూసింది.

"గీ పిల్ల ఇంకా గిట్లనే ఉన్నదేంది? అమ్మవారు ఒచ్చిపోయినంక పోచమ్మకు నీళ్ళు పోసొచ్చినవా?"

లేదన్నాను.

"గదీ సంగతి! తల్లి సల్లవడకపోతె పానం ఎట్ల కుదురుకుంటది? పసుపూ వేపాకూ ఏసి చెంబెడు నీళ్ళు తీస్కొని పోచమ్మ మీద పోసి రావాలె. చైతన్యపురి దాటినంక సందుల ఉన్నది గుడి. బస్సెక్కొద్దు. నడిచే పోవాలె. నువ్వే పోవాలె."

మా అత్తయ్య నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. రాని అమ్మవారికి నీళ్ళు ఎలా పోస్తాం? పొయ్యనంటే వేపమండ సంగతి బయటపడుతుంది. డాక్టరు మాట కాదనగలిగాను కానీ యాదమ్మ మాట కాదనే దారి లేకపోయింది.

మొదటిసారి మామూలు రోజున బయల్దేరాను. మెయిన్ రోడ్డు ఎక్కేసరికి బస్సులు, ఆటోలు, జనం. ఎవరో పక్కనే గట్టిగా దగ్గి ఉమ్మారు. చెంబులో నీళ్ళు సగం నా చీర మీదే పోశాను. తిరిగొచ్చేశాను.

"ఇయ్యాల కాకుంటె రేపు. తల్లి యాడికి పోతది?" అంది యాదమ్మ.

ఆ మర్నాడు బంద్. నాకా సంగతి గుర్తులేదు. మెయిన్ రోడ్డు ఎక్కి నిలబడిపోయాను. విజయవాడ నుంచి వచ్చే రోడ్డు, ఎప్పుడూ దాటడానికి పావుగంట పట్టే రోడ్డు, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఖాళీ. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. పిల్లలు రోడ్డు మధ్యలో ఇటుకలు పెట్టి క్రికెట్ ఆడుతున్నారు. నా మీద ఊపిరి విడిచే మనిషి దగ్గర్లో లేడు. నడిచాను. అంతే. డివైడరు పక్కన, చెంబు పట్టుకుని, రోడ్డంతా నాదే అన్నట్టు నడిచాను. కొత్తపేట పళ్ళ మార్కెట్ కనబడేసరికి కాళ్ళు వణికాయి. కూర్చున్నాను. ఊపిరి గట్టిగా వస్తోంది. అయితే అది భయంతో వచ్చే ఊపిరి కాదు, నడిస్తే వచ్చే ఊపిరి. ఆ తేడా తెలియడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది. గుడి దాకా పోలేకపోయినా, ఆ మధ్యాహ్నం ఆకలేసి రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. మా అత్తయ్య గరిటె నిండుగా పెట్టింది.

అలా బంద్‌ల మనిషినయ్యాను. టీవీలో బంద్ పిలుపు వచ్చిందంటే ఈయన ఆటపట్టించేవాడు. "ఇదిగో, నీ పండగొచ్చింది." మామూలు రోజుల్లో మేడ మీదే తిరిగేదాన్ని, బంద్ రోజున చెంబు పట్టుకుని రోడ్డెక్కేదాన్ని. ఒకసారి మార్కెట్ దాటాను. ఒకసారి చైతన్యపురి మొదట్లోకి వెళ్ళి ఎండకి తిరిగొచ్చాను. ప్రతిసారీ యాదమ్మ అడిగేది, "ముట్టిందా తల్లికి?" అని. "ఇంకా లేదండీ." "మల్లొక్కపారి." పట్టుదల నాదే అనుకునేదాన్ని అప్పుడు.

వంటావార్పు

మాఘం దగ్గరపడింది. మళ్ళీ బంద్ అన్నారు. ఈసారి గుడి దాకా పోయి తీరాలనుకున్నాను. పొద్దున్నే తల స్నానం చేసి, చెంబులో పసుపూ వేపాకూ వేసుకుని బయల్దేరాను. మార్కెట్ మలుపు తిరిగేసరికి డప్పుల చప్పుడు. రోడ్డు ఖాళీగా లేదు. రోడ్డు నిండా జనం. రోడ్డు మధ్యలోనే రాళ్ళ పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు వండుతున్నారు. వంటావార్పు అని పేపర్లో చదవడమే కానీ చూడ్డం అదే మొదలు. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తిని, రోడ్డుని ఆపెయ్యడం.

వెనక్కి తిరుగుదామంటే వెనక నుంచి ఇంకో గుంపు వస్తోంది. మధ్యలో పడ్డాను. చేతులు చల్లబడ్డాయి. పక్క మంచం మీద పరిచిన ఉతికిన దుప్పటి కళ్ళ ముందుకొచ్చింది. డివైడరు మీద కూలబడి, చెంబుని రెండు చేతుల్తో ఒళ్ళో పట్టుకుని, అయిపోయింది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"పద్మా! గాడ కూసున్నవేంది?"

యాదమ్మ. కొంగు నడుముకి బిగించి పప్పు గుండిగ దగ్గర నిలబడి ఉంది. నా మొహం చూసింది. ఏమైందని అడగలేదు, వచ్చి పట్టుకోలేదు.

"చెంబు పక్కకు పెట్టి ఇటు రా. వడ్డిచ్చెటోళ్ళు లేరు. మీరు కోస్తోళ్ళు బంతి మంచిగ వడ్డిస్తరంట గద, సూద్దాం."

ఆ మాటకి నాకు రోషం వచ్చింది. దేవుడి దయ వల్ల, చచ్చిపోతున్నాననుకునేటప్పుడు కూడా నాకు రోషం వస్తుంది. లేచాను. చెంబు ఒక పక్కన జాగ్రత్తగా పెట్టి, పప్పు బకెట్ అందుకున్నాను. జనం రోడ్డు మీద వరసగా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందూ వంగాలి, గరిటెడు వెయ్యాలి, లేవాలి, అడుగు వెయ్యాలి. మళ్ళీ వంగాలి. మా ఊళ్ళో పెళ్ళిళ్ళలో చిన్నప్పటి నుంచీ చేసిన పనే. బుర్ర మర్చిపోయినా నడుము మర్చిపోలేదు. "ఇంకొంచెం వెయ్యమంటారా?" అని నా గొంతు అడుగుతుంటే విన్నాను. షాపు గొంతు. ఎన్నాళ్ళకి విన్నానో.

వరస చివర్లో ఒక పెద్దాయనకి అన్నం పొరమారింది. దగ్గు. మామూలు దగ్గు కాదు, నా మొహానికి ఎదురుగా, తెరలు తెరలుగా. కళ్ళు తేలేస్తున్నాడు. "నీళ్ళు, నీళ్ళు" అని పక్కవాళ్ళు అరుస్తున్నారు. నీళ్ళ డ్రమ్ము అవతలెక్కడో ఉంది. నా చెంబు అక్కడే ఉంది. ఆలోచించలేదు. బకెట్ వదిలేసి, చెంబు తెచ్చి, ఆయన వీపు మీద చరుస్తూ నోట్లో పోశాను. ఆయన తాగి, ఊపిరి తీసుకుని, మొహం వికారంగా పెట్టాడు.

"ఏం నీళ్ళివ్వి చెల్లె? ఇంత చేదున్నయ్?"

చుట్టూ అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. నవ్వి, నవ్వి, అప్పుడు తట్టింది. అంతగా దగ్గిన మనిషి నోటికి నా మొహం జానెడు దూరంలో ఉంది. నా చెయ్యి ఆయన వీపు మీదే ఉంది. నా ఊపిరి దాని పని అది చేసుకుంటోంది.

బంతి అయ్యాక డ్రమ్ములో చెంబు నింపుకున్నాను. ఆ జనంలోంచే నడిచాను. యాదమ్మ చేతులు తుడుచుకుంటూ నా వెంట వచ్చింది. చైతన్యపురి దాటి, సందులోకి తిరిగి, చిన్న గుడి ముందు నిలబడ్డాం. ఎర్రటి బొట్లు పెట్టిన చిన్న రాయి. నీళ్ళు పోశాను. పోస్తుంటే ఏడుపొచ్చింది. ఆ తల్లి దగ్గర, ఈ మనిషి దగ్గర, ఇంక దాచబుద్ధి కాలేదు.

"యాదమ్మగారూ, నాకు వచ్చింది అమ్మవారు కాదండీ. ఆ ఫ్లూ."

"ఎర్కనే."

"తెలుసా! ఎలా?"

"అమ్మవారు ఒస్తె మొకం మీద ఒక్క మచ్చన్న ఉండదా? నువ్వు దవాఖానల నుంచి దిగిన్నాడే ఎర్కైంది."

"మరి ఇల్లు ఖాళీ చెయ్యమనలేదేం?"

"అంత జ్వరంతోని యాడికి పోతరు?" అంది, అదేదో అడగాల్సిన ప్రశ్నే కాదన్నట్టు.

"మరి పోచమ్మకి నీళ్ళు పొయ్యమని ఇన్నాళ్ళూ..."

"నడువు అంటె నడుస్తవా నువ్వు? డాక్టరు జెప్తె నడిసినవా?" యాదమ్మ ఖాళీ చెంబు నా చేతిలోంచి తీసుకుంది. ఇన్ని నెలల్లో మొదటిసారి, నా చేతిలోంచి నేరుగా. "నడు. పొయ్యేటప్పుడు గూడ నడిచే పోవాలె."

మాఘమాసం

సీజను మొదటి రోజున షాపుకి నడిచే వెళ్ళాను. బంద్ కాదు, మామూలు సోమవారం, రోడ్డు నిండా బస్సులు. రెండుసార్లు ఆగాను, ఒకసారి వెనక్కి కూడా చూశాను. భయం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాకపోతే దాని నడక కంటే నా నడక కొంచెం వేగం.

మీలో ఎవరైనా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఇది చదువుతుంటే, మీకు ధైర్యం తెచ్చుకోమని చెప్పను. నాకు చెప్పినవాళ్ళందరి మీదా కోపమే వచ్చింది. ఎవరి కోసమో ఒక చెంబు నీళ్ళు మోసుకెళ్ళండి. దూరం వెళ్ళలేకపోతే మలుపు దాకా వెళ్ళండి. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే, ఎందుకు తగ్గదని అడక్కండి. గ్లాసు మీరు అందించకుండా ఆ మనిషినే తెచ్చుకోనివ్వండి.

ఆ మొదటి రోజు సాయంత్రం పెళ్ళివారి గుంపొకటి వచ్చి కౌంటరు ముందు కూర్చుంది. పెళ్ళికూతురి మేనత్త కాబోలు, చీర చూపించమని చెయ్యి చాపి, కొంగు అడ్డం పెట్టుకుని గట్టిగా దగ్గింది. పై అరలో ఉన్న పట్టుచీరల కోసం స్టూలు ఎక్కుతున్నదాన్ని ఆగాను. కిందికి దిగి, పర్సులోంచి యాలక్కాయ తీసి ఆవిడ చేతిలో పెట్టి, మళ్ళీ స్టూలెక్కాను.